వాలుగ పళ్ళ గాటు

మధ్యాహ్నం రెండూ పది. నాలుగింటికి తవిటమ్మ కొడుకుని మెజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఆ తరవాత జైలు, ఆ తరవాత ఉరితాడు. నిన్న సాయంత్రం పొందూరుకి కబురందినప్పట్నుంచీ తవిటమ్మ కళ్ళ ముందు ఇంకేమీ లేదు. రాట్నం వదిలేసి తెల్లవారుఝాము రైలెక్కింది. విజయనగరంలో దిగిన దగ్గర్నుంచీ గొంతులోకి గుక్కెడు నీళ్ళు దిగలేదు.

కంటోన్మెంటు చివరి పాత బంగళా అది. గుమ్మం మీద 'జంతు ప్రవర్తన పరిశోధనశాల' అని నల్లక్షరాలు. నిన్న ఉదయం తొమ్మిదీ నలభైకి ఈ బంగళాలోనే డాక్టర్ నారాయణమూర్తి కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే చచ్చిపోయి ఉన్నాడు. మొదట చూసి కేక పెట్టింది అటెండరు అప్పలసూరి. పోలీసులు మొదట పట్టుకున్నదీ అతన్నే. అప్పలసూరి తవిటమ్మకి ఒక్కగానొక్క కొడుకు.

"అమ్మా, తవిటమ్మా, లోపలికి రా" అన్నాడు డిటెక్టివ్ నరసింగరావు. చచ్చిపోయినాయన భార్య టెలిగ్రాం ఇస్తే విశాఖపట్నం నుంచి వచ్చాడు. సన్నటి మనిషి, నెరిసిన మీసం. పొద్దుట్నుంచీ తవిటమ్మని కసురుకోకుండా మాట్లాడిన మగాడు అతనొక్కడే.

బల్ల మీద ఒక పల్చటి కాగితం పరిచాడు.

"డాక్టరుగారి మెడ వెనక గాటు ఉంది. ఆసుపత్రిలో ఉన్నదున్నట్టు దించారు. ఎలుక కరిచిందని ఒకళ్ళు, గోళ్ళ గీతలని ఒకళ్ళు అంటున్నారు. ఇలాంటి గుర్తు నువ్వెక్కడైనా చూశావా?"

తవిటమ్మ వంగి చూసింది. వరసలో సన్నటి చుక్కలు. నాలుగు చుక్కలు, ఒక ఖాళీ, మళ్ళీ ఏడు చుక్కలు.

ఆమె బల్ల అంచు పట్టుకుంది.

పొందూరులో పత్తి వడికే ఏ ఆడదాన్ని లేపి అడిగినా చెబుతుంది ఆ చుక్కలేమిటో. వాలుగ చేప దవడ. ఆ సన్నటి పళ్ళతో దువ్వితేనే పత్తిలో నలుసు పోయి పట్టులా తయారవుతుంది. అందరి దవడలూ ఒకలా ఉండవు. ఎవరి దవడ వాళ్ళకి చేతి వేళ్ళలా తెలుసు. నాలుగో పన్ను తరవాత ఖాళీ ఉన్న దవడ తవిటమ్మది. ఆషాఢంలో గచ్చు మీద పడి అయిదో పన్ను ఊడిపోయింది. పన్ను ఊడిన దవడతో దువ్వితే నూలు తెగుతుంది. పారేయబోతుంటే "నాకియ్యమ్మా, పనుంది" అని కొడుకు సూరి అడిగి తీసుకుపోయాడు.

సూరి చేతికే ఇచ్చింది. తన చేత్తోనే ఇచ్చింది.

"తెల్దు బాబూ" అంది. "ఏటో నాకు తెల్దు. నానెప్పుడూ సూడ్నేదు."

నరసింగరావు ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు. మళ్ళీ అడగలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ ఒక్క క్షణంలో తవిటమ్మ అరసవల్లి సూర్యనారాయణమూర్తికి పదిసార్లు మొక్కుకుంది.

గదిలో ఇంకో మనిషి ఉంది. సుభద్రమ్మ, డాక్టరుగారి సహాయకురాలు. నలభై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చీర, మెత్తటి మాట. పొద్దున గేటు దగ్గర ఏడుస్తున్న తవిటమ్మని భుజం పట్టుకుని కూర్చోబెట్టింది ఆవిడే. "మీవాణ్ణి బాగా కొట్టారట తవిటమ్మా" అని కళ్ళు తుడుచుకుంది కూడా. అలాంటి తల్లి ఈ గదిలో ఉందని తవిటమ్మకి కాస్త ధైర్యం.

"సుభద్రమ్మగారూ, ఇక్కడ మీరు చేసే పనేమిటో ఈవిడకి కూడా అర్థమయ్యేలా ఒకసారి చెప్పండి" అన్నాడు నరసింగరావు.

సుభద్రమ్మ గాజుపెట్టె దగ్గరికి వెళ్ళింది. లోపల తెల్లటి ఎలుక. దాని నెత్తి మీద చిన్న లక్క బిళ్ళ, అందులోంచి వెంట్రుకంత తీగ. పెట్టెలో ఇంకో మూల బొటనవేలంత చిట్టెలుక గింజ కొరుక్కుంటూ ఉంది.

"దీని మెదడులో తీగ పెట్టాం. ఒకచోట కరెంటు తగిలితే రోమాలు నిక్కబొడుచుకుని కీచుమంటుంది, అడ్డమొచ్చిన దానిమీదకల్లా ఎగబడుతుంది. అది కోపం. తీగని ఆవగింజంత పక్కకి జరిపితే అరుపే ఉండదు. ముక్కు కదుపుకుంటూ తాపీగా వెళ్ళి చిట్టెలుక మెడ వెనక ఒక్కటే కాటు వేస్తుంది. అది వేట. కోపానికీ వేటకీ మెదడులో చోట్లు వేరని తేల్చడానికి మూడేళ్ళు పట్టింది."

"ఎవరికి పట్టింది?"

"అంటే?"

"ఈ నెలలో అచ్చుకి పంపిన వ్యాసం మీద నారాయణమూర్తిగారి పేరొక్కటే ఉంది. అందుకని అడిగాను."

సుభద్రమ్మ చిన్నగా నవ్వింది. "పెద్దవాళ్ళ పేర్లే ఉంటాయి. అది లోకరీతి."

"నిన్న మీరెన్నింటికి వచ్చారు?"

"పదింటికి. శ్రీకాకుళంలో మా అక్కయ్య ఇంటినుంచి బస్సులో. టిక్కెట్టు ఇన్‌స్పెక్టరుగారికి ఇచ్చాను."

నరసింగరావు తలూపి బల్ల చుట్టూ తిరిగాడు. సిరాబుడ్డి మూత పక్కనే పద్ధతిగా ఉంది. కుర్చీ కదల్లేదు. నోటుపుస్తకం తెరిచి ఉంది. తారీకు 1968 ఆగస్టు 13. అతను వేలు పెట్టి పైకే చదివాడు.

"తొమ్మిది గంటలకి స్విచ్ వేశాం. పదకొండు సెకన్లకి కాటు. తొమ్మిదీ ఆరుకి స్విచ్, తొమ్మిది సెకన్లకి కాటు. తొమ్మిదీ పన్నెండుకి స్విచ్ అని రాసి అక్కడితో ఆగిపోయింది." తలెత్తాడు. "దస్తూరీ డాక్టరుగారిదే. స్విచ్ చూస్తే గదికి ఆ చివర ఉంది. గడియారం చూసి రాసేవాళ్ళొకరు, స్విచ్ నొక్కేవాళ్ళొకరు. ఇద్దరు లేకుండా ఈ పని జరగదు. అవునా?"

"అవును. అటెండరు నొక్కుతాడు."

"మావోడా?" తవిటమ్మ నోట్లోంచి మాట దూకేసింది. "మావోడు కరెంటు ముట్టడమ్మగారూ! పోయినేడు వోనల్లో షాకు కొట్టినకాణ్ణుంచీ దీపం మీటైనా ముట్టుకోడు. మీకు తెల్దా ఏటి? మీరే నవ్వీవోరట కదా, 'ఇంత మీసముండి ఏటి భయంరా సూరీ' అని!"

సుభద్రమ్మ మొహంలో ఏమీ మారలేదు. "పాపం, తల్లి కదా" అంది.

"తల్లే. అయినా చూడండి" అన్నాడు నరసింగరావు. "తొమ్మిదీ పన్నెండుకి స్విచ్ వేశారు. ఆ సరికే డాక్టరుగారి చెయ్యి ఆగిపోయింది. కానీ ఈ చిట్టెలుక ఇంకా బతికే ఉంది. అంటే కాటు పడేలోపు ఎవరో స్విచ్ తీసేశారు. పక్కన మనిషి చస్తుంటే స్విచ్ తియ్యాలని తోచిందంటే, అది ఈ పనిలో చెయ్యి తిరిగినవాళ్ళ అలవాటు. బస్సు టిక్కెట్టంటారా, అది ఎవరి దగ్గరైనా దొరుకుతుంది."

"బావుందండీ బావుంది! ఎలుక సాక్ష్యం కూడా పుచ్చుకుంటున్నారన్నమాట!"

గుమ్మంలో ఇన్‌స్పెక్టర్ పట్నాయక్. ఇచ్ఛాపురం వైపు మనిషి, భారీ ఆకారం, చంకలో టోపీ. తవిటమ్మ గోడకి అంటుకుపోయింది.

"నా కేసులో ఎలుకలూ చిట్టెలుకలూ లేవు డిటెక్టివ్ గారూ. సోమవారం అందరి ముందూ డాక్టరు ఆ అటెండరు చెంప పగలగొట్టాడు. మంగళవారం పొద్దున బంగళాలో ఉన్నది వాళ్ళిద్దరే. వెనకనుంచి వచ్చి ముక్కూ నోరూ మూశాడు. ఊపిరాడక చచ్చాడని ఆసుపత్రివాళ్ళు రాసిచ్చారు. ఇంకేం కావాలి మీకు?"

"అలా ముక్కూ నోరూ మూస్తే మనిషి కొట్టుకోడా? సిరాబుడ్డి ఒలకలేదు. కళ్ళజోడు జారలేదు."

"గట్టిగా పట్టుకున్నాడు."

"చెంపదెబ్బ తిన్నవాడిది కోపం పట్నాయక్ గారూ. కోపం అరుస్తుంది, చేతికందింది విసురుతుంది. ఇక్కడ జరిగింది అది కాదు. ఎవరో తాపీగా వెనక్కి వచ్చి మెడ మీద ఒక్క గాటు పెట్టారు. గోడకి చెవి పెట్టినా వినపడి ఉండదు. ఇది వేట."

"కథలు రాసుకోండి. డబ్బులొస్తాయి." పట్నాయక్ చేతి గడియారం చూసుకున్నాడు. రెండూ ముప్ఫై అయిదు. "మూడున్నరకి వాణ్ణి స్టేషన్లోంచి తీస్తాను. ఒళ్ళు కడిగి, దెబ్బలకి మందు పూసి, ఉతికిన చొక్కా వెయ్యమని చెప్పి వచ్చాను. మెజిస్ట్రేటు ముందు మనిషి శుభ్రంగా ఉండాలి కదా."

"కొట్టినట్టు కనపడకుండా."

"మీరు పోలీసు ఉద్యోగంలో ఉండగా పువ్వులతో అడిగేవారా?"

నరసింగరావు మొహం ఎర్రబడింది. వాళ్ళిద్దరూ మాటా మాటా అనుకుంటుంటే సుభద్రమ్మ నెమ్మదిగా లేచింది. "వెనక గదిలో ఎలుకలకి మేత వేసి వస్తాను" అంది. వెళ్తూ వెళ్తూ తవిటమ్మ తల నిమిరింది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

నరసింగరావు కోపం దిగమింగి గోడ అలమర తెరిచాడు. మందు సీసాలు. వాటి పక్కన చిన్న రబ్బరు బుడ్డి, దానికి సన్నటి గొట్టం. బుడ్డి నొక్కి చూశాడు. గొట్టంలోంచి గాలి బుస్సుమంది.

"ఇదేమిటో తెలుసా పట్నాయక్ గారూ?"

తెలిసింది పట్నాయక్‌కి కాదు, తవిటమ్మకి. పండగలకి ఇంటికొచ్చినప్పుడల్లా సూరి చెప్పేవాడు, కళ్ళు పెద్దవి చేసుకుని. 'అమ్మా, తీగ పెట్టినపుడు ఎలక కదలకుండా మందేస్తారే. సచ్చిపోయినట్టే ఉంటాది. ఊపిరీ ఉండదు. కానీ సావదే! గంటసేపు నాను బుడ్డితో ఊపిరూదతాను. మందు దిగిపోయినాక లెగిసి మీసాలు దువ్వుకుంటాది. నీ రాట్నం లెక్కే అమ్మా, ఒక లాగు, ఒక సుట్టు. ఆ లెక్క తప్పకుంటే ఎలక బతికినట్టే.'

"ఎలకకి ఊపిరూదీదండి" అంది తవిటమ్మ గొణుగుతున్నట్టు. "మావోడి పనే."

"విన్నారా!" నరసింగరావు ఒక సీసా తీసి వెలుతురుకి ఎత్తాడు. "క్యూరారే. ఎక్కడో దూరదేశపు అడవుల్లో బాణాలకి పూసుకునే విషం. ఒంట్లో కండ అన్నది కదలదు, ఊపిరి తీసే కండతో సహా. తెలివి మాత్రం పోదు. పుస్తకం ప్రకారం సీసా నిండుగా ఉండాలి. ఇందులో సగం లేదు. సన్నటి పళ్ళున్న పనిముట్టుకి పూసి మెడ మీద గీస్తే, మీ ఆసుపత్రివాళ్ళకి కనిపించేది ఊపిరాగిన శవమొక్కటే."

"అదే అటెండరు పూసుండొచ్చుగా?"

"ఉండొచ్చు. ఆ పనిముట్టు ఎవరిదో తేలితే గానీ చెప్పలేను." అంటూ నరసింగరావు తవిటమ్మ వైపు చూడకుండానే ఆగాడు. "అయితే ఒకటి. ఇది తాగితే మనిషికేం కాదు. నెత్తురులో కలవాలి. చీలిన చర్మం మీద పూసినా చాలు."

చీలిన చర్మం.

తవిటమ్మకి పొద్దున గేటు దగ్గర సుభద్రమ్మ చేతిసంచిలోంచి తీసి ఇచ్చిన తగరపు డబ్బా కళ్ళముందుకొచ్చింది. పసుపుపచ్చటి ముద్ద. 'దెబ్బలకి మంచి మందు తవిటమ్మా, చర్మం చీలిన చోటల్లా దట్టంగా రాయమను. నేనిచ్చానని చెప్పకు, నన్నూ స్టేషన్‌కి లాగుతారు.' తను రెండు చేతులూ జోడించి పుచ్చుకుంది. స్టేషన్‌కి పరుగెత్తి హెడ్డు కానిస్టేబుల్ సూరయ్య కాళ్ళట్టుకుని మరీ ఇచ్చింది.

"బాబూ!"

ఆ అరుపుకి పెట్టెలో ఎలుక ఉలిక్కిపడింది.

"ఆ దవడ నాదే బాబూ! వాలుగ దవడ! నాలుగో పన్ను తరవాతది ఊడిపోనాది, నాదే! సూరి పట్టుకెళ్ళినాడు, డాక్టరుకాడ పన్జేసీ అమ్మగారు సూపించమన్నాదని మొన్నొచ్చినపుడు సెప్పినాడు, ఆవిడికే ఇచ్చీసినాడంట, బయంలో నాకు తట్టనేదు! సెప్తే మావోడి మీదకొస్తాదని అబద్ధమాడినాను బాబూ, నా నాలిక తెగిపోనూ! పొద్దున ఆవిడే మందిచ్చినాది. నానే స్టేసన్లో ఇచ్చినాను. నా చేత్తో నానే..."

నరసింగరావు వెనక గదిలోకి ఒక్క అంగలో దూకి తిరిగొచ్చాడు. "లేదు. దొడ్డి తలుపు తీసి ఉంది."

"మీరంతా కలిసి నన్ను..." అని పట్నాయక్ మొదలెట్టాడు గానీ మాట సగంలోనే ఆగింది. మందు పూయమని చెప్పింది తనే. ఒక్క ఉదుటున టెలిఫోను దగ్గరికి వెళ్ళాడు. ఎక్స్‌చేంజి కలిపేసరికి నుదురంతా చెమట.

"సూరయ్యా! ఆ డబ్బా మందు... రాయకండి! రాయొద్దు!"

అవతలి గొంతు గదిలో అందరికీ వినిపించింది.

"రాసేసినామండి. అయిదు నిముషాలయినాది. ఎదవ, నాటకమాడతన్నాడండి. రెప్పలు వాలిపోనాయంట, రెండేసి కనపడతన్నాయంట. ఇప్పుడు నాలిక కూడా తిరగనట్టు నటిస్తన్నాడు."

"తడిగుడ్డతో తుడిచెయ్యండి! నీళ్ళు పోసి కడగండి! డాక్టరుకి మనిషిని పంపు! ఇంకొకణ్ణి రైల్వేస్టేషన్‌కి పంపి ఆ సుభద్రమ్మని ఆపించు!" పట్నాయక్ రిసీవరు పెట్టలేదు, వదిలేశాడు. అది తీగకి వేలాడుతూ ఉండిపోయింది.

జీపులో తవిటమ్మ ముందు సీటు వెనక కమ్మీ పట్టుకుని నిలబడే ఉంది. రబ్బరు బుడ్డి తెచ్చి ఉంటే బావుండునని ఒకసారి, అది ఎలుక నోటికి సరిపోయేది కదా అని ఒకసారి అనుకుంది. బిడ్డ కళ్ళు మూసేశాడు, ఈపాటికి మూసేశాడు అని లోపల ఎవరో అంటూనే ఉన్నారు. ఆ గొంతు ఆమెకి కొత్త కాదు. సూరికి పొంగు పోసినప్పుడు, మొదటిసారి రైలెక్కినప్పుడు కూడా ఇలాగే అంది. అప్పుడు అబద్ధమైంది. ఇప్పుడూ కావాలి.

స్టేషన్ గడియారంలో రెండూ యాభై ఎనిమిది.

సెల్లులో సూరిని నేల మీద వెల్లకిలా పడుకోబెట్టారు. వీపు కిందనుంచి నీళ్ళు పారుతున్నాయి. రెప్పలు సగం వాలి ఉన్నాయి. గుండె మీద చొక్కా కదలడం లేదు. పెదాలు నేరేడు రంగులోకి తిరిగాయి.

"అయిపోనాదండి" అన్నాడు సూరయ్య. "ఇప్పుడే ఆగిపోనాది."

నరసింగరావు మణికట్టు పట్టుకున్నాడు. "నాడి ఉంది! కొట్టుకుంటోంది! మందు దిగేదాకా ఎవరైనా..."

అతని మాట పూర్తి కాకముందే తవిటమ్మ నీళ్ళలో మోకాళ్ళ మీద పడింది. కొడుకు తల వెనక్కి వంచింది. ముక్కు మూసింది. నోటి మీద నోరు పెట్టి ఊదింది.

గుండె లేచింది.

వదిలింది. గుండె దిగింది.

ఒక లాగు. ఒక చుట్టు.

మొదటి అయిదారు ఊదులూ కంగారులో ఒకదాని మీద ఒకటి పడ్డాయి. తరవాత చేతికి రాట్నం తగిలినట్టు లెక్క కుదిరింది. నలభై ఏళ్ళు వడికిన చెయ్యి అది. జ్వరంలో వడికింది, మొగుడు పోయిన పదకొండో రోజున వడికింది, దారం తెగనివ్వలేదు. ఒక లాగు, ఒక చుట్టు. నేరేడు రంగు పెదాలు కొంచెం కొంచెంగా మామూలు రంగుకి వచ్చాయి.

"ఎంతసేపు?" పట్నాయక్ గొంతు చాలా చిన్నదైపోయింది.

"గంట. రెండు గంటలు కూడా కావచ్చు. మధ్యలో ఆపితే..." నరసింగరావు ముగించలేదు. "ఆవిడ అలసిపోతే నేను, నా తరవాత మీరు."

పట్నాయక్ టోపీ తీసి కిటికీలో పెట్టాడు. బూట్లతోనే ఆ నీళ్ళలో సూరి కాళ్ళ దగ్గర చతికిలబడ్డాడు. బయట ఒక కానిస్టేబుల్ పరుగున వచ్చి, "సార్, రైల్వేస్టేషన్లో ఆవిడ కనపళ్ళేదండి. వాల్తేరు వైపు బండి ఇప్పుడే కదిలిపోయిందండి" అన్నాడు. నరసింగరావు గానీ పట్నాయక్ గానీ తల తిప్పలేదు.

తవిటమ్మ ఊదడం మధ్య సందులో, ఊపిరి తీసుకునే ఆ అరక్షణంలో, కొడుకు చెవి దగ్గర అంటూనే ఉంది. "అబద్ధమాడినాన్రా... లాగు... అప్పుడే సెప్పుంటే... సుట్టు... సెప్పీసినాన్లే, ఇప్పుడు అన్నీ సెప్పీసినాను... లాగు..."

మూడూ నాలుగు. మూడూ అయిదు.

సూరి ఒంట్లో వేలు కదలదు, రెప్ప కదలదు. కానీ సగం వాలిన ఆ రెప్ప కిందనుంచి ఒక నీటిచుక్క బయటికొచ్చి, చెంప మీదుగా జారి, తల్లి బొటనవేలి మీద పడింది. నేల మీది నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఇది వెచ్చగా ఉంది.

"నా మాట ఇంటన్నాడు బాబూ" అంది తవిటమ్మ తలెత్తకుండా. "మావోడు ఇంటన్నాడు."

మళ్ళీ వంగి ఊదింది.